నీళ్లు తాగిన పైపు

వెల్డరుకి ఈ లోకంలో శత్రువు ఒక్కడే: మిల్లీమీటరు బావ. సొంత అక్క మొగుడు. పక్క షెడ్డులో లేతు మిషను నడుపుతాడు. ముప్పై ఏళ్లుగా వెల్డరు ఏ మాటన్నా, చెవి మీది పెన్సిలు తీసి "ఎంత? ఎన్ని మిల్లీమీటర్లు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న వల్లే తాను బాగుపడలేదని వెల్డరు నమ్మకం. భిన్నాలు రాక ఏడో తరగతిలో బడి మానేసిన పాపం కూడా బావ నెత్తినే రుద్దేవాడు గాని, అప్పటికి బావ ఇంకా అక్క మొహమే చూడలేదు.

రెండు షెడ్లకీ నడుమ ఖాళీ జాగా ఒకటుంది. అది వెల్డరుది. పేరుకి ఖాళీయే గాని, వీధిలోంచి బండి అతని షెడ్డులోకి రావాలంటే అదొక్కటే దారి.

గొడవ పశువుల డాక్టరమ్మ జీపుతో మొదలైంది. సెలవు దొరికితే ఆవిడ రాళ్ల గుట్టల మీద జీపు పోటీలకు పోతుంది. కిందటి నెల జీపు పల్టీ కొట్టింది. మెడకి పట్టీ వేసుకుని వచ్చింది. ఇంకోసారి పల్టీ కొడితే తల దక్కేలా, జీపు లోపల పైపులతో పంజరం కట్టించుకోవాలి.

"ఏ పైపయితే ఆగుతుంది మేస్త్రీ?"

"గోడ మందంగా ఉన్నది డాక్టరమ్మా. పైపు సన్నదైనా పరవాలేదు, గోడ దిట్టంగా ఉండాలి."

పక్క షెడ్డులోంచి బావ తల బయటికొచ్చింది. "తప్పు బామ్మర్దీ. అదే బరువు ఇనుము లావు పైపుగా ఉంటే, గోడ పల్చబడ్డా ఓ పట్టాన వంగదు. బలం లావులో ఉంటుంది."

"లావులో బలముంటే, నాలుగు మెట్లెక్కితే నీకు ఆయాసమెందుకు బావా?"

డాక్టరమ్మ నవ్వి, నొప్పితో మెడ పట్టుకుంది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ తన మాటకి ఎవరైనా నవ్వితే వెల్డరుకి ఒళ్లు తెలియదు.

"పందెం!" అన్నాడు. "మీటరు ముక్కలు రెండు. బరువు సమానం. ఎవరి పైపు వాళ్లం తెచ్చుకుందాం. నీ షెడ్డులో ఇనుము వంచే ప్రెస్సుంది కదా, అందులోనే వంచుదాం. నేనోడితే ఈ జాగా నీది."

"నేనోడితే?"

అడగాల్సిన సమయంలో పెద్దది అడగడానికి నోరు రాకపోవడం అతనికి పుట్టుకతో వచ్చిన రోగం. "ఇంకెప్పుడూ నన్ను 'ఎంత' అని అడగకూడదు," అన్నాడు.

అక్క పరుగున వచ్చింది. "ఒరేయ్, దారిని పందెం కాస్తావట్రా? బండి నీ షెడ్డులోకి ఎగిరొస్తుందా?"

"నువ్వెవరి పక్షం అక్కా?"

"నీ పక్షమే గనక తిడుతున్నాను. మీ బావ పక్షమైతే కాగితం తెచ్చిచ్చేదాన్ని."

కాగితం బావే తెచ్చాడు. డాక్టరమ్మ సాక్షి సంతకం చేసింది.

మర్నాడు వెల్డరు పైపుల కొట్టుకి వెళ్లి, మామూలు ఇనుము కాకుండా మిశ్రమ ఉక్కు పైపు రెండు మీటర్లు కొన్నాడు. షరతు బరువు గురించే గాని ఉక్కు జాతి గురించి కాదు కదా! "దీని బలం దీనికే ఉంది. ఉన్నదున్నట్టు వాడుకో," అన్నాడు కొట్టువాడు. ఆ మాట వెల్డరు ఒక చెవితో విన్నాడు. రెండో చెవి దాన్ని వదిలేసింది.

పందెం ముందు రోజు మధ్యాహ్నం బావ భోజనానికి వెళ్లాడు. వెల్డరుకి గొప్ప ఆలోచన వచ్చింది. ఉలి మొనని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే రాయిని కూడా తొలుస్తుంది. నాన్న నేర్పిన పని. ఉలికి వచ్చిన బలం పైపుకి రాదా? మీటరు ముక్క తీసి, నడిమి జానెడు మేర గ్యాసు మంటతో చెర్రీపండులా ఎర్రబడేదాకా కాల్చి తొట్టిలో ముంచాడు. బుస్సుమన్న ఆవిరి లోంచి 'టిక్'మని చిన్న చప్పుడు. ఉక్కు ఊ కొట్టిందనుకున్నాడు. ఆకురాయి పెట్టి రుద్దితే గీత పడలేదు, జారిపోయింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మర్నాడు పొద్దున బావ పైపు ముందు ప్రెస్సెక్కింది. బరువు చూపే ముల్లు నాలుగు వందల అరవై కిలోల దగ్గరకొచ్చేసరికి పైపు మెల్లగా నడుం వంచింది.

"ఇక చూడు," అంటూ వెల్డరు తన పైపు పెట్టాడు. నూట తొంభై దగ్గర పటుక్కుమంది. రెండు ముక్కలు చెరో మూలకి దొర్లాయి.

బావ ఒక ముక్క తీసి విరిగిన అంచు వెలుగులో చూశాడు. "ఇది ఇప్పుడు పగిలింది కాదు. ఇదిగో, లోపల తుప్పు గీత. ఏం చేశావురా దీన్ని?"

"నీళ్లలో ముంచాను."

"ఎందుకు?"

"గట్టిపడటానికి."

"గట్టిపడింది. గాజు కూడా గట్టిదే."

డాక్టరమ్మ అడిగింది: "ముంచని ముక్క లేదా మేస్త్రీ?"

ఉంది. తెచ్చాడు. బావ దాన్ని కూడా ప్రెస్సులో పెట్టాడు. నాలుగు వందల అరవై దాటింది. ఐదు వందలు దాటింది. ఐదు వందల పది దగ్గర మర్యాదగా వంగింది గాని ఎక్కడా పగల్లేదు.

"ముంచకుండా ఉంటే నువ్వే గెలిచేవాడివిరా," అన్నాడు బావ, నవ్వకుండా. నవ్వి ఉంటే వెల్డరుకి ఆ కోపంతోనైనా నాలుగు రోజులు గడిచేవి.

"అయితే నా పైపే గెలిచినట్టు కదక్కా?"

"పైపు గెలిచింది. నువ్వు ఓడావు," అంది అక్క, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

డాక్టరమ్మ మిశ్రమ ఉక్కే కావాలంది. పని మాత్రం బావకి అప్పజెప్పింది. బావకి వెల్డింగు రాదు. అందుకని బావమరిదినే కూలికి పెట్టుకున్నాడు. నిన్నటిదాకా తనదైన జాగాలో, బావ వేయించిన కొత్త రేకుల కింద వెల్డరు ఆ పంజరం కట్టాడు. అతుకులు వాటంతట అవే చల్లారాలని, బావ స్టూలేసుకుని కాపలా కూర్చున్నాడు. పని బాగా కుదిరింది. ముప్పై ఏళ్లలో అంత మంచి పని వెల్డరు చెయ్యలేదు. ఇప్పుడతని షెడ్డులోకి బండి రాదు. భుజాన మోసుకొచ్చే కిటికీ గ్రిల్లులు మాత్రం వస్తాయి.

జాగా రాసిచ్చే రోజు రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా కాగితం పైకి చదివాడు. వెడల్పు పన్నెండు అడుగులు, పొడవు నలభై ఒక్క అడుగులు. వెల్డరు వేలిముద్ర వేస్తానన్నాడు. సంతకం వచ్చు కదా, సంతకమే పెట్టమన్నారు. పెట్టాడు. పోయింది ఎంతో ఈసారి తనే లెక్కేసుకున్నాడు: యాభై నాలుగు గజాల ఆరు చదరపు అడుగులు.