లేరండీ

కాలేజీలో కొత్తగా చేరేవాళ్లకు ఉపకారవేతనాలు బోలెడు. మధ్యలో ఉన్నవాళ్లను మాత్రం, సగం ఏరు ఈదినవాడికి ఇక తెప్ప దేనికన్నట్టు, అందరూ గట్టు మీదనుంచి చూస్తుంటారు. రెండో ఏడు ముగిసేసరికి ఆ సంగతి లారీ డ్రైవరు కూతురికి తెలిసివచ్చింది. తొలి ఏటి సాయం ఆగిపోయింది. ఏ ఆఫీసుకు వెళ్లినా "చేరేటప్పుడు రావలసిందమ్మా" అన్న జవాబే. మిగిలింది ఒక్క ధర్మసంస్థ. అక్కడా కాదంటే చదువు మానడమే.

సంస్థ అధ్యక్షురాలు మెత్తని కత్తి.

"ఒక్కదానివే వచ్చావేం? నాన్నగారో?"

"లేరండీ."

లోడు తీసుకుని వెళ్లాడు, ఊళ్లో లేడని పిల్ల భావం. లోకంలోనే లేడని పెద్దావిడ గ్రహింపు. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"అయ్యో తల్లీ. ముందే చెప్పొద్దూ? మేం ఇచ్చేదే అలాంటి పిల్లలకి."

దిద్దుకోవడానికి వ్యవధి ఉంది. పిల్ల దరఖాస్తు ముందుకు జరిపింది.

"అమ్మ తట్టుకుంటోందా?"

"ఏదో... తట్టుకుంటోందండీ."

మొదటి మాట పొరపాటు. రెండోది కాదు.

"నీ చదువు మేం చూసుకుంటాం. నాన్నగారి ఫోటో ఒకటి పట్టుకురా. అదిగో, ఆ వరసలో పెడదాం."

గోడ పొడవునా తండ్రులు. చివర ఒక మేకు ఖాళీగా ఉంది. బతికున్నవాడి పేదరికం ఆ గదిలో చాలదు. దానం కదలాలంటే శవం సాక్ష్యం చెప్పాలి.

తండ్రి మర్నాడు ఇల్లు చేరాడు. సాయం దొరికిందని విని పొంగిపోయాడు.

"నా ఫోటో దేనికే? బండి తోలేవాడికి సన్మానమా?"

"గోడకి పెడతారట నాన్నా."

"విన్నావుటే?" అని వంటింటి వైపు కేకేశాడు. "నీ మొగుడు గోడెక్కుతున్నాడు."

"ఎక్కండి, ఎక్కండి," అంది తల్లి లోపలినుంచి. "దిగడం మరచిపోకండి."

పిల్ల చెప్పేద్దామనుకుంది. ఆయన అప్పటికే ఇస్త్రీ చొక్కాకు బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

స్టూడియోలో స్టూలు మీద బిగుసుకుని కూర్చున్నాడు.

"త్వరగా కానియ్యి బాబూ. సాయంత్రం కొండదారి పట్టాలి, బండికి బ్రేకులు కూడా చూపించుకోలేదు."

ఫోటోగ్రాఫరు గడ్డం కాస్త ఎత్తమన్నాడు. తండ్రి కూతురి వైపు చూశాడు.

"నవ్వనా, వద్దా?"

గోడ మీద ఒక్కరూ నవ్వడం లేదని ఆమెకు గుర్తుంది.

"నవ్వొద్దు నాన్నా," అంది. "కదలకు."