అంబాసిడర్ ముందు సీటులో నడుమ చోటు

చర్చిలో జరిగే కోతపండుగ లోపల రజిని చేయాల్సిన పనులు ఇవి. బాపు మోకాలు గురించి డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తేవాలి. కారులో మార్పు చేయడానికి ఆర్టీఏ ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. మెకానిక్ గఫూర్ భాయ్ షెడ్డులో ఉన్న అంబాసిడర్‌కు కొత్త గేర్ కడ్డీ ఏది పెట్టాలో తేల్చాలి. కాలేజీలో సెలవు అడగాలి. బోధన్ చర్చికి తీసుకుపోవడానికి ఎడపల్లిలో ఒక చెరుకు కట్ట చెప్పిపెట్టాలి. అన్నిటికంటే ముందు బాపును ఒప్పించాలి.

సర్టిఫికెట్టూ అనుమతీ చేతికి వచ్చాయి. సెలవు దొరికింది. చెరుకు ఇస్తామన్నారు. బాపు మాత్రం ఒప్పుకోలేదు.

బాపు పేరు హనోకు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆఫీసరుకు డ్రైవరుగా ఉండేవాడు. ఫ్యాక్టరీ వాళ్లు పాత బండ్లు వేలం వేసినప్పుడు, తాను నడిపిన మీగడ రంగు అంబాసిడర్‌నే పాడుకున్నాడు. ఆ తర్వాత నిజామాబాద్ బస్టాండు ముందు టాక్సీ నడిపాడు. రజిని డిగ్రీ ఆ చక్రాల మీదే పూర్తయింది. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. ఇప్పుడు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతుంది.

రెండేళ్ల కిందట మోపెడ్ మీది నుంచి పడి హనోకు ఎడమ మోకాలు విరిగింది. ఆపరేషన్ అయింది గానీ కాలు వంగడం మానేసింది. కాలు వంగకపోతే క్లచ్ తొక్కలేడు. అప్పటినుంచి కారు రేకుల కింద, ఆయన మంచం మీద. పొద్దున లేచి బండికి గుడ్డ పెట్టి తుడవడం మాత్రం మానలేదు.

అందుకే రజిని, గఫూర్ భాయ్‌తో మాట్లాడి, ఏదో జపాన్ కారులోని ఆటోమేటిక్ గేర్‌బాక్సు దానికి పెట్టించింది. ఇక క్లచ్ లేదు. అయితే స్టీరింగ్ పక్కన ఉండే పాత హ్యాండ్ గేరు ఈ కొత్త పెట్టెకు పనికిరాలేదు. గేర్ కడ్డీ నేల మీదికి రావాలి. నేల మీదికి అంటే ముందు సీటు నడుమకి.

అక్కడే వచ్చింది చిక్కు.

ఆ కారు ముందు సీటు ఒకటే పొడుగు బల్లలా ఉంటుంది. ముగ్గురు కూర్చోవచ్చు. నడుమ చోటు సువార్తమ్మది, అంటే హనోకు భార్యది, రజినిని కన్న అవ్వది. చెరుకు చేన్లలో కలుపు తీసి, కోతలకు పోయి బతికిన మనిషి. ఆదివారం పొద్దున హనోకు దారిలో ఊరూరా ఆగి, నడవలేని ముసలమ్మలను చర్చికి ఎక్కించుకునేవాడు. సువార్తమ్మ ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చోలేదు. "కిటికీ సుట్టాలకు. నేను ఇంటిదాన్ని," అని నడుమకు జరిగేది. కోతపండుగ నాడు చెరుకు కట్టను మోకాళ్ల మధ్య నిలబెట్టి పట్టుకునేది. ముందు చెరుకు ట్రాక్టరు పోతుంటే, "గా ట్రాలీ ఒరుగుతుంది, జర పక్కకు పో," అని హనోకు కంటే ముందే చూసి చెప్పేది. నడుమ సీటు చిరిగితే తన ఆకుపచ్చ చీర కొంగు కత్తిరించి అతుకు వేసింది. ఆమె పోయి నాలుగేళ్లయింది. అతుకు ఇంకా అట్లాగే ఉంది.

శనివారం తండ్రీ కూతుళ్లు బోధన్ రోడ్డులోని గఫూర్ షెడ్డుకు పోయారు. గఫూర్ మూడు కడ్డీలు బల్ల మీద పరిచాడు.

"సూడు మేడమ్. ఇది అమెరికా మోడల్. పొడుగ్గా, మెరుస్తది. పట్టుకుంటే పెండ్లికొడుకు కత్తి పట్టుకున్నట్టే ఉంటది."

"మా బాపుకు రెండో పెండ్లి చేసే ఆలోచన లేదు గఫూర్ భాయ్," అంది రజిని.

"ఇది రెండోది. కింద డబ్బా, పైన కడ్డీ. గ్లాసులు పెట్టుకునే చోటు సుత ఉంది. చాయ్ పెట్టుకోవచ్చు."

"బండి నడిపేటోడు చాయ్ ఎందుకు తాగుతడురా?" అన్నాడు హనోకు. షెడ్డుకు వచ్చాక ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

"మూడోది చిన్నది. తీగ మీద పని చేస్తది, సైకిల్ బ్రేకు తీగ లెక్క. ఏదైనా నడుమనే వస్తది. సీటు రెండు ముక్కలు చేస్త. నీట్‌గా కుట్టిస్త, ఫికర్ చెయ్యకు." గఫూర్ సుద్దముక్క తీసి సీటు మీద గీత గీశాడు. గీత సరిగ్గా ఆకుపచ్చ అతుకు మీది నుంచి పోయింది.

హనోకు కర్ర ఊతంగా లేచాడు. జేబురుమాలు తీసి ఆ గీతను తుడిచాడు. రెండుసార్లు తుడిచాడు.

"ఒద్దు బిడ్డా. బండి గట్లనే ఉండని. నేను బస్సుల పోత."

"బాపు, బస్సు మెట్లు ఎక్కలేకనే కదా రెండేండ్లాయె నువ్వు చర్చికి పోక?"

"పోకుంటే దేవుడేం అనుకోడు. గీ సీటు కోస్తే మీ అవ్వ అనుకుంటది."

గఫూర్ సుద్దముక్కను చెవి మీద పెట్టుకుని బయటికి పోయి నిలబడ్డాడు. రజినికి కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రేపు కాక వచ్చే ఆదివారమే కోతపండుగ. ఈసారీ పోకపోతే, బాపు ఇక ఎన్నడూ స్టీరింగ్ పట్టడని ఆమెకు తెలుసు. కారెక్కి నడుమ చోటులో కూర్చుంది. చిన్నప్పటినుంచీ ఆమె వెనక సీటే. నడుమ నుంచి ముందు అద్దం ఇంత పెద్దగా కనిపిస్తుందని ఆమెకు తెలియదు.

"బాపు, జర నువ్వు కూడా కూసో. ఒక్కసారి."

ఆయన గొణుక్కుంటూ స్టీరింగ్ ముందుకు ఎక్కాడు. వంగని ఎడమకాలు బారుగా చాపాడు. అది వచ్చి రజిని పాదానికి తగిలింది. నడుమ కడ్డీ పెడితే ఆ కాలు సరిగ్గా దాని మీదికే వస్తుంది. మూడు కడ్డీలు చూశారు, ధరలు అడిగారు, ఆ కాలును మాత్రం ఎవరూ చూడలేదు. ఆయన కుడిచెయ్యి మాత్రం సీటుకూ తలుపుకూ మధ్య ఉన్న సందులోకి దానంతట అదే పోయింది. బండి తుడిచే గుడ్డ ఎప్పుడూ అక్కడే పెడతాడు.

"గఫూర్ భాయ్! ఆ తీగ కడ్డీ నడుమనే ఉండాల్నా? తీగ ఎటు వంగితే అటు పోదా?"

గఫూర్ లోపలికి తొంగిచూశాడు. "పోతది. మరీ మెలి తిప్పకుంటే చాలు."

"అయితే ఈ సందుల పెట్టు. తలుపు దిక్కు. గుడ్డకు వేరే చోటు చూసుకుందాం."

గఫూర్ టేపు పెట్టి కొలిచాడు. తలుపు వేసి, తీసి, మళ్లీ వేసి చూశాడు. "అయితది. సీటును ముట్టుకునే పనే లేదు. ఒక్కటే బాధ. హనోకన్నా, లుంగీ కట్టుకొని ఎక్కకు. దిగేటప్పుడు కడ్డీకి తట్టుకుంటే లుంగీ కార్లనే ఉంటది, నువ్వు రోడ్డు మీద ఉంటవు."

హనోకు నవ్వాడు. రజిని ఆ నవ్వు విని చాలా రోజులైంది.

బుధవారానికి కడ్డీ ఎక్కింది. దాని పక్కన పలక మీద ఇంగ్లిషు అక్షరాలు. గఫూర్ పాఠం చెప్పాడు: "పి అంటే పడుకో. ఎన్ అంటే నిలబడు. డి అంటే దౌడు."

"మరి ఆర్?"

"రివర్సే. దానికి వేరే పేరెందుకు?"

హనోకు కడ్డీని డి మీద పెట్టి తాళం తిప్పాడు. చప్పుడే లేదు. "అలిగిందిరా ఇది!"

"పడుకున్నదాన్నే లేపాలె అన్నా. దౌడు తీసేదాన్ని ఇంకేం లేపుతవు?"

పి మీద పెట్టి తిప్పగానే అంబాసిడర్ లేచింది. ఎడమకాలు ఖాళీ జాగాలో హాయిగా చాపుకుని ఉంది.

కోతపండుగ నాడు పొద్దున హనోకు ప్యాంటు వేసుకున్నాడు. ఎడపల్లిలో చెరుకు కట్ట ఎక్కించుకున్నారు. అక్కడే రాహేలవ్వ అనే ముసలామె కర్ర పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉంది. రెండేళ్లుగా ఆమె కూడా చర్చి ముఖం చూడలేదు. "హనోకూ, నువ్వేనా? బండి బతికిందా?" అంటూ ముందు తలుపు దగ్గరికి వచ్చింది.

రజిని అలవాటు కొద్దీ వెనక తలుపు తెరిచింది.

"అటు కాదు," అన్నాడు హనోకు. ఎడమచేత్తో ఆకుపచ్చ అతుకు మీద తట్టాడు. "కిటికీ సుట్టాలకు. నువ్వు ఇంటిదానివి. నడుమకు రా బిడ్డా."

రజిని ముందు తలుపులోంచి నడుమకు జరిగి కూర్చుంది, ఆమె పక్కన కిటికీ దగ్గర రాహేలవ్వ కూర్చుంది. చెరుకు కట్టను మోకాళ్ల మధ్య నిలబెట్టి పట్టుకుంది. ఆకులు ఆమె చెంపకు గీరుకున్నాయి. ఒకప్పుడు రెండు పక్కలా చెరుకే ఉన్న ఆ దారిలో ఇప్పుడు వరి ఎక్కువ. ఫ్యాక్టరీలో చెరుకు ఆడే రోజుల్లో బోధన్ పొలిమేర దాకా వచ్చే పాకం వాసన, అది మూతపడ్డాక లేదు. కట్టలోంచి వచ్చిన పచ్చి చెరుకు వాసన మాత్రం కారంతా నిండింది. ముందు ఒక ట్రాక్టరు పోతోంది.

"బాపు, గా ట్రాలీ ఒరుగుతుంది. జర పక్కకు పో."

హనోకు ఆమె వైపు చూడలేదు. కళ్లు తుడుచుకుని, పక్కకు పోయాడు.

మీరు ఎప్పుడైనా నిజామాబాద్ నుంచి బోధన్ పోయేటప్పుడు మీగడ రంగు పాత అంబాసిడర్ ఎదురైతే, దాని గేర్ కడ్డీ తలుపు పక్కన ఎందుకుందని అడగక్కర్లేదు. ముందు సీటు నడుమ కూర్చుని, కిటికీలన్నీ చుట్టాలకు ఇచ్చిన సువార్తమ్మను ఒకసారి తలుచుకోండి, చాలు.