వాపు దించే సూది

త్రివేణి చెయ్యి మణికట్టు దాకా ఉబ్బి పెనంలా కాలిపోతోంది. పత్తి తీస్తుంటే ఎండిన కాయ మొన వేలికి దిగి రెండు రోజులైంది. కూతురు మూలుగుతుంటే కాశప్ప పక్కనుంచి కదల్లేదు. ఆ వాపు ఉన్నట్టుండి దిగిపోతుందేమోనని అతని భయం.

నిరుడు భార్య ఉరుకుందమ్మ పాదంలో తుమ్మముల్లు విరిగింది. వాపు రాలేదు, ఎర్రబడలేదు, జ్వరమూ లేదు. ఏమీ కాలేదనుకున్నారు. మూడో రోజు పడిపోయింది. నాలుగో రోజు లేదు.

మోకాళ్ల నొప్పులకని మూడేళ్లుగా మింగిన మాత్రలే ఆమెను తీసుకుపోయాయని ఆదోని డాక్టరమ్మ చెప్పింది. మిల్లులో దూదికి నిప్పంటుకుంటే అందరూ నీళ్లు పట్టుకుని అక్కడికే ఉరుకుతారు, ఒంట్లో రక్తమూ అలాగే పరుగెడుతుంది, ఆ తొక్కిసలాటే వాపు అంది. మాత్రలు ఆ నీళ్లు మోసేవాళ్లను కదలనివ్వలేదు. నిప్పు చప్పుడు లేకుండా ఒళ్లంతా పాకింది.

ఆ మాత్రలిచ్చింది ఊళ్లో వైద్యం చేసే గోవిందన్న. అతన్ని అడిగి మరీ తెచ్చింది కాశప్ప. గోవిందన్ననూ, తననూ కూడా అతను క్షమించలేదు.

పక్కింటి షాహిదాబీ త్రివేణి మూలుగు వినలేక గోవిందన్నకు కబురు పెట్టింది. అతను బండి దిగి సంచి తెరిచాడు.

"సూది ఒగటి ఏస్తే పొద్దుగూకేలోగా వాపు దిగుతాది, కాశప్పా."

"దిగుతాదనే నా భయం. బండెక్కు."

"పెండ్లాం పోయిన కోపం బిడ్డ మీద తీర్సుకుంటాండావేమప్పా?" అంది షాహిదాబీ.

కాశప్ప తలుపేసుకున్నాడు. ఒళ్లే చూసుకుంటుందని నమ్మాడు. ఉప్పునీళ్ల కాపడం పెడుతూ పగలంతా కూర్చున్నాడు. సూది వేయించమని త్రివేణి ఏడిస్తే కాపడం గుడ్డ మార్చాడు.

తెల్లారేసరికి మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి చార పాకింది. పిల్ల వణుకుతోంది. నీళ్లు మోసేవాళ్లు చాలలేదని అప్పుడర్థమైంది. ఒక సూదికి భయపడి అన్ని సూదులకూ తలుపేశాడు.

ఆటోలో ఆదోనికి తెచ్చాడు. డాక్టరమ్మ వేలు కోసి చీము తీసింది. నిన్న ఎందుకు తేలేదని గద్దించింది. ఆమె సూది ఎత్తగానే కాశప్ప అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"ఇది వాపు దించేదా, అమ్మా?"

"లోపలి క్రిమిని చంపేది. ఒంటి పని అయిపోతే వాపు దానంతటదే పోతుంది."

ఆమె చార ఆగిన చోట పెన్నుతో గీత గీసి, అది దాటితే పిలవమంది. కాశప్ప ఆ గీత మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి చార దాటినట్టే అనిపించి నర్సును పిలిచాడు. దాటలేదంది. మళ్లీ పిలిచాడు. మూడోసారి ఆమె విసుక్కుంది.

మూడు రోజులకు చార మాసిపోయింది. వాపు తగ్గి చర్మం ముడతలు పడింది. ఇంటికి పొమ్మన్నారు. ఇంకొక్క రోజు ఉంచుకోమని కాశప్ప బతిమాలాడు. పిల్లకిక ఏమీ కాదని, మాత్రలు మాత్రం అయిపోయేదాకా మింగించమని డాక్టరమ్మ పంపేసింది.

ఆటోలో దారి పొడుగునా కూతురి మణికట్టు వదల్లేదు. నొక్కి చూస్తున్నాడు, వేడి చూస్తున్నాడు.

"ఇడుసు నాయనా. బాగైపోయినాది కదా."

"మీ యమ్మకూ ఏమీ కాలేదనే అనుకుంటి," అన్నాడు కాశప్ప. చెయ్యి విడవలేదు.