తిన్నానన్న హీరో

మధ్యాహ్నం వంటపని తెమిలాక నీరజ, వాళ్లమ్మ గంగవ్వ ఒక చీర పరుచుకుని కూర్చునేవాళ్లు. సూరత్‌లో వాళ్లుండే కోసాడ్ కాలనీలో చాలామంది ఆడవాళ్లకు అదే పని, చీరల మీద మెరిసే రాళ్లు అతికించడం. గంగవ్వ రాళ్లు అతికిస్తుంటే నీరజ ఫోన్‌లో నవల పైకి చదివేది. వంతు మారి నీరజ రాళ్లు అందుకుంటే నవల ఆగిపోయేది, గంగవ్వకు చదువు రాదు కాబట్టి. నీరజ సూరత్‌లోనే తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివింది. ఒత్తులు వచ్చినచోట తడబడేది కానీ ఆపేది కాదు.

నవలలో మాన్వి, అభిరామ్ ఒకే ఆఫీసులో పనిచేస్తారు. ఒకరంటే ఒకరికి పడదు. మంచుకొండల్లో కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోతే, గొర్రెలకాపరులు వదిలేసిన గుడిసెలో ఇద్దరూ చిక్కుకుంటారు. మొదట్లో నీరజకు అభిరామ్ నచ్చలేదు. మాటలెక్కువ. పొయ్యి రాజేయడం రాక చెయ్యి కాల్చుకుని, అయినా వదలకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నించినప్పటి నుంచి నచ్చాడు. గంగవ్వకైతే మొదటి నుంచీ ఇష్టమే. "పొడుగుంటడని రాసిండ్రు గద," అంది.

ఒకరోజు బిస్కెట్ల ఘట్టం వచ్చింది. చివరికి నాలుగు మిగిలాయి. అభిరామ్ నాలుగూ మాన్వి చేతిలో పెట్టి, "నేను ఇందాకే తిన్నాను," అన్నాడు. నీరజ ఆ వాక్యం రెండోసారి చదివింది.

గంగవ్వ తలెత్తలేదు. "నమ్మిందా ఆ పిల్ల?"

"నమ్మింది."

"ఏం తిన్నవని అడగలే?"

"లే."

"గదేం ప్రేమ?"

నీరజకు చిరాకేసింది. "గంత త్యాగం చేసిండమ్మా!"

"ఆయన చేసిండు బిడ్డా. ఆమె ఏం చేసింది?"

గంగవ్వ జిగురు అంటిన వేళ్లు గుడ్డకు తుడుచుకుంది. "కొత్తగ సూరత్ వచ్చినప్పుడు నేనూ గిట్లనే అంటుంటి. మీరు తినుండ్రి, నేను తిన్న అని. మీ బాపు మంచోడే. ఒక్కనాడు తిట్టలే. కానీ ఏం తిన్నవే అని అడగలే. గిన్నె మూత తీస్తే తెల్వకపోవునా? అడుగుతడేమో అని జరసేపు ఆడ్నే నిలబడుతుంటి."

అమ్మ పస్తులుండి తమను పెంచిందని నీరజ పెళ్లయిన కొత్తలో భర్త పరమేశ్వర్‌కు గర్వంగా చెప్పుకుంది. ఇరుగుపొరుగుకూ చెప్పింది. ఇప్పుడు గుర్తొచ్చింది, చిన్నప్పుడు తనూ 'తిన్నవా అమ్మా' అని అడిగి, ఔనంటే చాలు ఆటకు పరుగెత్తేది.

"ఇయ్యాల ఏం తిన్నవమ్మా?" అంది.

గంగవ్వ పకపకా నవ్వింది. "నీ ముందటనే పప్పు తింటి గదనే! చదువు, తర్వాత ఏమైందో."

తర్వాత ఏమీ కాలేదు. మాన్వి ఎప్పటికైనా అతని అబద్ధం పట్టుకుంటుందని తల్లీకూతుళ్లు ఎదురుచూశారు. మాన్వి అతని భుజం మీద నిద్రపోయింది. హెలికాప్టర్ వచ్చింది. ఇంకో పేజీలో పెళ్లయింది. "సరే, మంచిదే," అని గంగవ్వ చేతులు కడుక్కోవడానికి లేచింది.

నీరజకు మనసొప్పలేదు. ఎన్ని నవలలు చదివినా ఎప్పుడూ కింద కామెంట్‌గా ఒక్క ముక్క రాసింది లేదు. ఆరోజు అక్షరం వెతుక్కుంటూ రాసింది: 'నవల బాగుంది. మంచు కరిగించి నీళ్లు తాగడం కళ్లకు కట్టినట్టు ఉంది. కానీ మాన్వి ఒక్కసారి బిస్కెట్ ప్యాకెట్ తిప్పి చూడాల్సింది. చెరి రెండు తింటే ఇంకా బాగుండేది. మీరు అభిరామ్ ప్రేమ రాశారు. మాన్వి ప్రేమ రాయలేదు.'

సాయంత్రానికి ఒకామె, 'మీకు ప్రేమంటే తెలియదు' అని జవాబిచ్చింది. రచయిత్రి రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకుంది.

పరమేశ్వర్ మగ్గం డ్యూటీ దిగి వచ్చాడు. మగ్గాల మోతలో ఉండి ఉండి అతనికి ఏదైనా గట్టిగా చెప్పాలి. నీరజ తను రాసింది గట్టిగా చదివి వినిపించింది. అతను శ్రద్ధగానే విన్నాడు.

"ఇంతకూ ఇద్దరూ బతికిండ్రా?"

"బతికిండ్రు."

"మరింకేంది లొల్లి?"

నీరజకు నవ్వొచ్చింది. లోపలి నుంచి గంగవ్వ కేకేసింది. "గాయనకు మొదటికెంచి చెప్పు బిడ్డా, గప్పుడు సమజైతది."

పరమేశ్వర్ చెప్పులు విడిచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "చెప్పు మరి," అన్నాడు.

ఇద్దరికీ ఆఫీసులో పడేది కాదన్న దగ్గర నుంచి నీరజ మొదలుపెట్టింది.