ఒక్క పూట గ్లౌజులు

మా నరసాపురం లేసు తెల్లదనానికి విదేశాల్లో మంచి పేరు. పది ఇళ్ళలో, పది చేతుల్లో నలిగి మాసిన అల్లికను ఎవరు తెల్లబరుస్తారో అక్కడెవరికీ తెలియదు. బ్లీచింగు నీళ్ళలో చేతులు పెట్టి మా అమ్మాయి సారిక తెల్లబరుస్తుంది. ఇరవై ఏళ్ళ పిల్ల. రెండు నెలలకే దాని వేళ్ళ సందులు చీలిపోయాయి. కుడి చెయ్యి పనికిరాకుండా పోతుందేమోనని నాకు అన్నం సహించేది కాదు.

లేసు కొనే విదేశీ కంపెనీ తనిఖీకి మనిషిని పంపింది. పనివాళ్ళ ఒంటికీ కాలవ నీటికీ హాని చేసే సరుకు వాళ్ళు కొనరట. ఆ ఉదయం ఏజెంటు డేనియల్ గారు బ్లీచింగు డబ్బాలు గడ్డివాము వెనక దాయించి, తొట్టెల్లో కుంకుడు రసం పోయించారు. సారికకు కొత్త రబ్బరు గ్లౌజులిచ్చారు.

"పుళ్ళ మీద వేస్తే చీము పడుతుందేమోనండి," అన్నాను.

"పిల్ల తుమ్మితే చాలు, సమాధి పెట్టె కొలతలడిగే రకం నువ్వు. ఒక్క పూటేనమ్మా."

"రోజూ ఇవ్వొచ్చు కదండీ."

"రోజూ వాడితే చిరిగిపోవూ?"

తనిఖీకి వచ్చినావిడ కుంకుడు నురగ వాసన చూసి మురిసిపోయింది. గ్లౌజులకు ఫోటో తీసుకుంది. సారిక పెదవి కొరుక్కుంటూ నిలబడింది. మణికట్టు దగ్గర పసుపు నీరు కారడం చూసి, నేనే కుడి చేతి గ్లౌజు లాగేశాను. దాంతోపాటు చర్మం ఊడి వచ్చింది. ఆవిడ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంది.

"ఏమైందని అడుగుతున్నారండి," అన్నాడు వెంట వచ్చిన తెలుగాయన.

"బ్లీచింగండి. పిల్లకి వైద్యం చేయించమని చెప్పండి బాబూ."

ఆవిడ రాసుకుని కారెక్కింది.

వారానికి ఉత్తరం వచ్చింది. డేనియల్ గారే అందరి ముందూ చదివారు. మనుషులకు హాని జరిగే చోట తమ కంపెనీ కొనదట. సారిక చేతి గురించి ఒక్క ముక్క లేదు.

"నోటికాడ కూడు తీశావు కదే," అంది పక్కింటి పాపాయమ్మ.

నెల తిరక్కుండా డేనియల్ గారు పక్క ఊళ్ళో వేరే పేరుతో బోర్డు పెట్టారు. అదే కంపెనీ అక్కడ కొంటోంది. తొట్టెల దగ్గరకు రమ్మని సారికకు కబురొచ్చింది. మళ్ళీ బ్లీచింగు నీళ్ళు తగిలితే వేళ్ళు దక్కవని డాక్టరు చెప్పాడు.

వద్దన్నాను. బతిమాలాను. తెల్లారి చూసేసరికి సారిక ఎడమ చేత్తో తల దువ్వుకుని, చెప్పులు వేసుకుంటోంది.