వీపుచాటు గొణుగుడు

ఎదురుగా నిలబడి ఎవరు మాట్లాడినా మగ్గాలత్తకు ఒక్క ముక్క పొల్లుపోదు. సగం జీవితం మిల్లులో మరమగ్గాల మధ్య గడిపిన మనిషి. ఆ రొదకు చెవులు ఎప్పుడో చేతులెత్తేశాయి గానీ, పెదాలు చూసి మాట పట్టడం అక్కడే వంటబట్టింది. చిక్కల్లా కోడలితోనే. ఏమన్నా అనాలనుకుంటే ఆ గడుసుది గిన్నెలు తోమే వంకన గోడవైపు తిరిగి అంటుంది. అత్తకు కనిపించేది వీపొక్కటే. దాని మీద జాకెట్టు ముడి పైకీ కిందికీ ఊగుతుంటే ఏదో ఘాటుగానే సాగుతోందని తెలుస్తుంది, ఏమిటో తెలియదు. అదేమిటో వినకుండా చచ్చేది లేదని అత్త పంతం పట్టింది.

వినాలంటే చెవి మిషను కావాలి. పేట ఆరోగ్య కేంద్రానికి నెలకోసారి వచ్చే చెవుల డాక్టరు ఊరికే ఇస్తాడు. కానీ ఆయన గది ముందు బెంచీ మీద కూర్చున్న చెవిటివాళ్లను, మూతికి మాస్కు కట్టిన అటెండరు గుమ్మంలోంచి కేకేసి పిలుస్తాడు. పలకనివాళ్లు రానట్టే లెక్క. పొద్దుటి నుంచీ ఎదురుగానే కూర్చున్న అత్త చాలా నెలలు అలా రానిదై ఇంటికి పోయింది.

ఆ కడుపుమంటలోంచి పుట్టిందే వినపడనివాళ్ల సంఘం. తాళాల దుకాణం వెనక గదిలో కూడుకునేవారు. మాట్లాడేవాళ్లు ముందు బల్ల మీద చరచాలి, మొహం వెలుగులో పెట్టాలి. వీపు తిప్పి మాట్లాడితే అందరికీ టీ పోయించాలి. ఈ చివరి నియమం ఎవరి మీది కసితో పెట్టిందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. మిల్లులో మగ్గం అవతలివాళ్లతో మాట్లాడే సైగలు కూడా అత్తే నేర్పింది. నెత్తిన గుప్పెట పెడితే సూపర్‌వైజరు వస్తున్నాడని, ముక్కు గిల్లుకుంటే టీ కావాలని, అరచెయ్యి ఎత్తితే లేవమని.

నంబరు వెలిగే బోర్డు పెట్టించమని సంఘమంతా వెళ్లి ఆ కేంద్రం పెద్ద డాక్టరును అడిగింది. ఆయన గడియారం చూసుకుంటూ, వినపడేవాళ్లను ఎవరినైనా తోడు తెచ్చుకోండి, పేరు పిలిస్తే లేవండి, అంతేగా అన్నాడు. రేకుల డబ్బాలు చేసీ చేసీ చెవులు పోగొట్టుకున్న రేకుల మేస్త్రీ, ఆసుపత్రి ముందు డబ్బాలు మోగిద్దామన్నాడు. మోగినా మనకు వినపడి చావదుగా అని అత్త కొట్టిపారేసింది.

"ఆయన చెప్పినట్టే చేద్దాం, అన్నా. పేరు పిలిస్తే లేద్దాం. అందరం."

"ఎవరి పేరో తెలీకుండా ఎట్లా లేస్తామమ్మా?"

"తెలీదు కాబట్టేగా లేచేది."

ఆ నెల సంఘమంతా ఆ బెంచీల మీదే కూర్చుంది. మాస్కు మాటున పెదాలు కనపడవు కనుక, అత్త అటెండరు మెడ మీద కన్నేసింది. నరం ఉబ్బితే పిలిచినట్టు. ఉబ్బింది. అత్త అరచెయ్యి లేచింది. బెంచీలన్నీ ఖాళీ అయి డాక్టరు గది నిండిపోయింది. డాక్టరు కుర్చీ గోడకు ఆనింది. అటెండరు అందరినీ బతిమాలి బయటికి పంపి మళ్లీ పిలిచాడు. మళ్లీ అందరూ వెళ్లారు, అంతే వినయంగా. ఒకసారి అతను తుమ్మాడు. నరం ఉబ్బింది కదా, దానికీ లేచారు. అది మాత్రం అల్లరి కాదు, నిజంగా పొరపాటే.

పక్కనున్న పళ్ల డాక్టరు గుమ్మంలో నర్సమ్మ మెడ కదిలితే అటూ వెళ్లారు. తోపులాటలో రేకుల మేస్త్రీ అక్కడి కుర్చీలో పడ్డాడు. కుర్చీ వెనక్కి వాలగానే భయంతో నోరు తెరిచాడు. పళ్ల డాక్టరు తొంగి చూసి, వెనక పన్ను తీసెయ్యాల్సిందేనని పట్టకారు అందుకున్నాడు. మేస్త్రీ ఆ వయసులో అంత జోరుగా పరిగెత్తగలడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

గోల విని పెద్ద డాక్టరు దిగి వచ్చాడు. తన మాస్కు కిందికి లాగి, ఏమిటిదంతా అన్నాడు.

"పేరు పిలిచారు, లేచాం బాబూ" అంది అత్త. "ఎవర్ని పిలిచారో వినపడితే ఈ గదితో మాకేం పని?"

పంటి నొప్పితో దవడ పట్టుకు కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు. నవ్వనిది ఆయనొక్కడే. మరుసటి నెలకల్లా గుమ్మం మీద ఎర్ర అంకెలు వెలిగాయి. అత్త అంకె వెలిగింది. చెవిలో మిషను కుదిరింది.

ఇంటికి వచ్చేముందు అత్త జుట్టు లాగి చెవి మీదికి కప్పుకుంది. ఇంకా కుదరలేదట అని కోడలితో చెప్పి, దీనంగా మొహం పెట్టుకుని, ఆరిన బట్టలు మడతపెడుతూ కూర్చుంది. కోడలు గోడవైపు తిరిగింది. చేతిలోంచి పళ్లెం జారి ఖంగుమంది. అత్త ఉలిక్కిపడి, వెంటనే సర్దుకుంది. కోడలు ఆ పళ్లెం ఎత్తి, అద్దంలా మెరుస్తుంటే ఎదురుగా గోడకు ఆనించింది. వీపు మీద ముడి మళ్లీ కదిలింది. ఇన్నేళ్లకు ఆ కదలికతోపాటు మాటలు వచ్చాయి.

"సంఘమట సంఘం. ఇంట్లో గ్లాసు తియ్యదుగానీ ఆసుపత్రిని పీకి పందిరేసొచ్చింది. ఆ మేస్త్రీ పరుగు చూడ్డానికి నన్నూ తీసుకెళ్తే ఈవిడ సొమ్మేం పోయేది?"

అత్త పెదవి కొరుక్కుంది. చొక్కా చేతిని మూడోసారి మడిచింది.

"పైగా మిషను పెట్టుకుని ఎంత బుద్ధిగా కూర్చుందో. మడిచిన చొక్కానే మళ్లీ మడుస్తోంది. ఇప్పుడు నవ్వొచ్చినా నవ్వడానికి లేదు పాపం."

అత్త నవ్వేసింది. చొక్కాలో మొహం దాచుకుని మరీ నవ్వింది. కోడలు ఇటు తిరిగి, తడి చేతులు నడుముకు ఆనించి, "వినపడిందా?" అంది.

"ఏమిటీ?" అంది అత్త. "వెలుగులోకొచ్చి చెప్పు."

చెబుతూనే ముక్కు గిల్లుకుంది. ఆ సైగ కోడలికి ఎప్పుడో తెలుసు. పొయ్యి మీద గిన్నె పెట్టి, మళ్లీ వీపు తిప్పింది. ముడి కదలడం మొదలైంది. అత్త చెవి మీద జుట్టు వెనక్కి తోసి, మిషను కొంచెం పెంచుకుంది.