గుండీల డబ్బాలో మాత్రలు

డాక్టరు అడిగినవి రెండే ప్రశ్నలు. పిల్ల ఏం మాత్రలు మింగింది, ఎన్ని మింగింది. చెల్లెలి కూతుర్ని ఆసుపత్రికి తెచ్చిన అక్క, అవి తమ అమ్మ బీపీ మాత్రలని చెప్పగలిగింది. ఎన్నో చెప్పలేకపోయింది.

"స్ట్రిప్ తెచ్చారా? ఎన్ని ఖాళీ అయ్యాయో చూస్తే తెలుస్తుంది."

"స్ట్రిప్ లేదండీ. వలిచి డబ్బాలో పోస్తాను."

అమ్మ వేళ్ళు వణుకుతాయి, రేకు చిరగదు. అందుకని అక్క కొన్న రోజే మాత్రలన్నీ వలిచి, కుట్టుమిషను పక్కనుండే గుండీల డబ్బాలో ఒక అర నింపేది. చెల్లెలు ఉద్యోగానికి వెళ్తూ దింపిపోయే చిట్టి, పగలంతా ఆ డబ్బాతోనే ఆడుకునేది. రెండు రంధ్రాలవీ నాలుగు రంధ్రాలవీ వేరుచెయ్యడం పెద్దమ్మే నేర్పింది. రంధ్రాల్లేనివాటి గురించి ఏమీ చెప్పలేదు.

చిట్టి ఛాతీకి వైర్లు అంటించారు. నర్సు కోటు అంచు కుట్టు వదిలి వేలాడుతోంది. అక్క దాన్నే చూస్తూ నిలబడింది. ఏడవాలని తెలుసు. ఎవరో దూరంగా ఉన్న మనిషికి చెప్పాల్సిన కబురులా ఉంది ఆ సంగతి.

మర్నాడు భయం లేదని పిల్లను పంపేశారు. చెల్లెలు ఉద్యోగానికి సెలవు పెట్టి పిల్లను తన ఇంట్లోనే ఉంచుకుంది.

అక్క తాళమున్న పెట్టె కొని, గోడకి ఎత్తుగా బిగించింది. ఇప్పుడు మాత్రలు స్ట్రిప్పుల్లోనే ఉంటాయి. తాళంచెవి ఆమె మెడలో ఉంటుంది. మిషను ముందు కూర్చుంటే పక్కన నేల ఖాళీగా కనిపించేది. బాధ అనుకుందామంటే బాధగానూ లేదు. జాకెట్టు చేతులు తిరగేసి కుట్టి, మళ్ళీ విప్పేది.

ఒక సాయంత్రం చెల్లెలు ఒక్కతే వచ్చింది. పెట్టె తాళం లాగి చూసింది. సొరుగులు తెరిచింది, మంచం కింద వంగింది.

"నన్ను కూడా అందులో పెట్టి తాళమెయ్యండి, ఓ పనైపోతుంది" అంది అమ్మ.

"నీ నోటికి ఆ పెట్టె చాలదులేమ్మా" అని నవ్వింది చెల్లెలు.

చిట్టి ఆసుపత్రిపాలయ్యాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. "సోమవారం నుంచి తీసుకొస్తానక్కా. సెలవులైపోయాయి. పెద్దమ్మేదీ అని నా ప్రాణం తీస్తోంది."

మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్తూ, చూడమని ఫోనులో చిట్టి ఫొటో పెట్టి అమ్మ చేతికిచ్చింది. అమ్మ దిండు పక్కనున్న కళ్ళజోడు పెట్టె తెరిచింది. అద్దాల కింద గుడ్డలో, అక్క వలిచి ఇచ్చినవాటిలో దాచుకున్న రెండు మాత్రలున్నాయి.

అక్క చూసిందని అమ్మకి తెలిసింది. గొంతు తగ్గించింది.

"నువ్వు బజారుకెళ్తే తాళంచెవీ నీతోనే పోతుంది. ఇచ్చి వెళ్ళినా నా వేళ్ళకి తిరగదు. నాకు కళ్ళు తిరిగితే నువ్వొచ్చేదాకా ఆగుతాయా?"

ఆగవు. అమ్మ చెప్పింది నిజమే. ఈ రెండూ తీసేస్తే రేపు ఇంకో చోట పెట్టుకుంటుంది.

చెల్లెలు గ్లాసుతో బయటికొచ్చింది.

"చిట్టిని తీసుకురాకు" అంది అక్క.

"ఎందుకు?"

"ఈ ఇంట్లో కుదరదు. మీ ఆఫీసు దగ్గర పిల్లల్ని చూసుకునే చోటుందిగా, అక్కడ దింపు."

కొలతలు తీసుకుని, ఈ గుడ్డ చాలదని చెప్పే గొంతుతోనే చెప్పింది. చెల్లెలు అక్క మొహంలోకి చూసింది, తర్వాత అమ్మ చేతిలో ఇంకా తెరిచే ఉన్న కళ్ళజోడు పెట్టెలోకి చూసింది. ఫోను తీసుకుని వెళ్ళిపోయింది.

అక్క కళ్ళజోడు తీసి అమ్మకి పెట్టింది. మాత్రల్ని అక్కడే ఉండనిచ్చింది.